లాకు దగ్గర

18 మే 2003, ఆదివారం

ఈ నోటుపుస్తకం ఎందుకు మొదలుపెడుతున్నానో ముందుగా రాస్తాను. మరో మూడు వారాల్లో కాలువలకు నీళ్లు వదులుతారు. ఆ లోపల మా గేటుకు ఒక తాళం బిగించాలి. నా భార్య ఉమను లోపల ఉంచడానికి బిగిస్తున్న తాళం అది. నేను పనిచేసే టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఏ పరికరం పెట్టినా ఎందుకు పెట్టామో, ఎప్పుడు పరీక్షించామో రిజిస్టరులో రాస్తాం. పైఅధికారి వచ్చి చూస్తాడు. ఇంట్లో పెట్టేదాన్ని చూసేవాళ్లు లేరు. కనుక రాసేదీ నేనే, చూసేదీ నేనే.

ఉమకు నలభై రెండేళ్లు. కిందటి అక్టోబరులో మెదడువాపు జ్వరం వచ్చి ఇరవై ఏడు రోజులు కాకినాడలో ఆసుపత్రిలో ఉంది. ప్రాణం దక్కింది. పాత సంగతులన్నీ ఉన్నాయి. పదిహేడో ఎక్కం అడిగితే తడుముకోకుండా చెబుతుంది. కొత్త సంగతి మాత్రం నిలవదు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండదు. తనకు జ్వరం వచ్చి తగ్గిన సంగతి ప్రతిరోజూ కొత్తగా వింటుంది.

పద్నాలుగేళ్లు కాలువ అవతలి బడిలో లెక్కలు చెప్పింది. ఎనిమిదిన్నరకు బయలుదేరి, గట్టు వెంట, పడవల కోసం కాలువకు తలుపులు కట్టిన లాకుల దాకా నడిచి, లాకు తలుపుల మీద పరిచిన చెక్క మీదుగా అవతలికి దాటేది. ఇప్పటికీ ఎనిమిదిన్నరకు నేతచీర కట్టుకుని సంచీ తగిలించుకుంటుంది. ఆ చెక్కను ఈ వేసవి మరమ్మతుల్లో తీసేశారు. ఇక దాటవలసింది కిలోమీటరు దిగువన కట్టిన కొత్త వంతెన మీద. ఈ మాట ఆమెకు ఎన్నిసార్లు చెప్పానో రాయడం వల్ల ప్రయోజనం లేదు.

కిందటి మంగళవారం లాకు గోడ అంచున నిలబడి ఉండగా కాలువ కాపలా చూసే లస్కరు బంగార్రాజు చూసి ఇంటికి తీసుకొచ్చాడు. ఇది కాలువలు కట్టేసిన కాలం కనుక అడుగున బురదే ఉంది. నీళ్లు వదిలాక అక్కడ పది అడుగుల లోతు ఉంటుంది.

మా ఇంటికి ఒకే గేటు. గుమ్మం దాటితే తోట, తోట దాటితే గేటు, గేటు దాటితే కాలువ గట్టు. బుధవారం ఆ గేటుకు తాళం కప్ప వేసి చూశాను. "నన్ను లోపలుంచి తాళం వేశారేంటండీ? నేనేం చేశాను?" అని ఏడ్చింది. కాసేపటికి మరిచిపోయి మళ్లీ గేటు దగ్గరకు వెళ్లి, మళ్లీ కప్పను చూసి, మళ్లీ ఏడ్చింది. ఆ ఒక్కరోజు పదకొండుసార్లు. ప్రతిసారీ అదే మొదటిసారి.

సాయంత్రం కప్ప తీసేశాను. కంటికి కనబడని తాళం కావాలి.

21 మే, బుధవారం

హైదరాబాదు నుంచి సరుకు వచ్చింది. విద్యుదయస్కాంత తాళం. ఇటుక కంటే కాస్త పొడవైన అయస్కాంతం ఒకటి, దానికి సరిపోయే ఉక్కు పలక ఒకటి. లోపలి రాగితీగ చుట్టలో కరెంటు ఉన్నంతసేపూ పలకను పట్టి ఉంచుతుంది. రెండువందల డెబ్భై కిలోల పట్టు అని కాగితంలో ఉంది. కప్ప లేదు, గడియ లేదు, తాళంచెవి లేదు. చూసినవాళ్లు గేటుకు వేసిన బద్దీ అనుకుంటారు.

కరెంటు పోతే ఇది తెరుచుకుంటుంది. పోయినా మూసుకునే ఉండే రకాలు వేరే ఉన్నాయి. కావాలనే వాటిని తెప్పించలేదు. ఇంట్లో మంటలు లేస్తే మనిషి బయటికి రాగలగాలి. కరెంటు కోతల సమయానికి ఏడు ఆంపియర్-అవర్ల బ్యాటరీ పెడుతున్నాను. తాళం తాగేది అర ఆంపియరు. కాగితం మీద పద్నాలుగు గంటలు. పది అనుకుందాం.

24 మే, శనివారం

ఎండ నలభై ఆరు. గేటు ఇనుము ముట్టుకుంటే కాలుతోంది. స్తంభానికి అయస్కాంతం, గేటు రెక్కకు పలక బిగించాను. పలకను మరీ బిగించకూడదు. వెనక రబ్బరు వాషరు పెట్టి కొంచెం ఆడేటట్లు వదిలితేనే అయస్కాంతం ముఖానికి చదునుగా అతుక్కుంటుంది. రెంటి నడుమ అట్టముక్క మందం సందున్నా పట్టు చచ్చిపోతుంది. తీగలు పైపులో వేసి మట్టిలో పూడ్చాను. స్విచ్చి వరండాలో మీటరు పెట్టెలో ఉంది. తనంత తాను మూసుకునేటట్లు గేటుకు స్ప్రింగు వేశాను.

ఉమ రెండుసార్లు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. రెండోసారి తెచ్చినప్పుడు మొదటి గ్లాసు చూసి, "ఎవరిచ్చారండీ మీకు?" అంది.

25 మే, ఆదివారం

పరీక్ష. మా లైన్‌మన్ అప్పాజీని రమ్మన్నాను. ఇద్దరం గేటు పట్టుకుని గుంజాం. కదలలేదు.

"ఆంబోతు నిలబడ్డట్టు నిలబడిపోయిందండీ ఇది," అన్నాడు అప్పాజీ, చొక్కా చేతితో మొహం తుడుచుకుంటూ.

ఉమ వరండాలోంచి చూసి నవ్వింది. "ఏంటండీ, ఇద్దరూ గేటుతో కుస్తీ పడుతున్నారు?"

"బిగుసుకుపోయిందండి మేడమ్," అన్నాడు అప్పాజీ, నేను నోరు తెరిచేలోపల.

ఉమ తల ఊపి లోపలికి వెళ్లింది. ఏడవలేదు. ఆ మాట మొదట అన్నది అతను, ఖాయం చేసింది నేను. నిజానికి అది పూర్తిగా అబద్ధం కాదు. అయస్కాంతం బిగుసుకునే ఉంటుంది.

పగలంతా ఉమను కనిపెట్టుకుని ఉండే సంపూర్ణమ్మకు స్విచ్చి చూపించాను. ఆమె పిల్లలిద్దరూ ఉమ దగ్గర చదువుకున్నవాళ్లే. చర్చి నుంచి నేరుగా వచ్చిందేమో, చేతిలో బైబిలు ఉంది. అంతా విన్నది.

"మేక మెళ్లో తాడుండాలి. అది మేకకి కనపడకూడదు. అంతేనాండి?"

"టీచరమ్మ ఏడుస్తుంటే నువ్వు చూశావు కదా సంపూర్ణమ్మా."

"చూశానండి. కాదన్నానా? ఆవిడ ముందర తాళం అనొద్దంటున్నారు, మరేమనమంటారు దీన్ని?"

"లాకు అను."

"లాకంటే కాలవ లాకు కదండీ!"

"అందుకే. టీచరమ్మ విన్నా కాలువ సంగతే అనుకుంటుంది."

సంపూర్ణమ్మ నా వంక కొంచెంసేపు చూసి, "మీ సదువులు మీవి బాబుగారూ," అని లోపలికి వెళ్లింది. ఆ మాట తట్టినందుకు నాకు సంతృప్తిగానే ఉంది.

28 మే, బుధవారం

గేటు దగ్గర నాలుగుసార్లు నిలబడిందట. ఏడవలేదు.

2 జూన్, సోమవారం

మా ఇంటి ఫోను కేబులులో వాడకంలో లేని తీగల జత ఒకటి ఉంది. దాన్ని గేటుకు కలిపి, ఎక్స్ఛేంజిలో నా బల్ల మీద ఆకుపచ్చ దీపం పెట్టుకున్నాను. గేటు మూసుకుని ఉండాలి, చుట్టలో కరెంటు పారుతూ ఉండాలి. రెండూ ఉంటేనే వెలుగుతుంది. స్క్రాపులోంచి పాత కాల్ మీటరు ఒకటి తెచ్చి మీటరు పెట్టెలో పెట్టాను. గేటు తెరిచిన ప్రతిసారీ ఒక అంకె తిరుగుతుంది. ఇలా వాడుకోవడానికి నాకు అనుమతి లేదు. అది కూడా రాసి ఉంచుతున్నాను.

బల్ల దగ్గర కూర్చుని మూడు కిలోమీటర్ల అవతలి గేటును చూడవచ్చు. ఏడు నెలల తరవాత ఇవాళ మధ్యాహ్నం అన్నం రుచి తెలిసింది.

9 జూన్, సోమవారం

కాలువ వదిలారు. చెత్తనూ నురగనూ తోసుకుంటూ మొదటి నీళ్లు రెండు గంటలకు మా గట్టు దాటాయి. గేటు సిద్ధంగా ఉంది.

13 జూన్, శుక్రవారం

బడి తెరిచారు. ఉమ క్యాలెండరు చూసి తనే తెలుసుకుంది. ఎనిమిదీ ముప్పై ఐదుకు గేటు దగ్గర ఉంది.

"ఏవండీ, ఈ గేటు రావడం లేదు."

"బిగుసుకుపోయింది. మనిషిని పిలిపిస్తాను."

"పిల్లలు ప్రేయరుకి నిలబడిపోతారు. మొదటి రోజునే ఇలాగా!"

రెండు నిమిషాలు అటూ ఇటూ నడిచి, లోపలికి వెళ్లి, తెల్లకాగితం మీద సెలవు చీటీ రాసి తెచ్చింది. ప్రధానోపాధ్యాయురాలు సత్యకుమారి గారికి. "మా ఇంటి గేటు బిగుసుకుపోయినందువలన ఈ దినము పాఠశాలకు హాజరు కాలేకపోవుచున్నాను." కింద సంతకం, తేదీ. ఆ అక్షరాల్లో ఏ లోపమూ లేదు.

"దారిలో ఇచ్చేసి వెళ్లండి."

జేబులో పెట్టుకున్నాను.

14 జూన్, శనివారం

చీటీ రెండోది.

16 జూన్, సోమవారం

చీటీ మూడోది. సంపూర్ణమ్మ రోజూ తొమ్మిది దాటాక ఎక్స్ఛేంజికి ఫోను చేస్తోంది. అప్పాజీ ఎత్తి, హాలు అటుచివర నుంచి నాకు కేకేసి చెబుతాడు: "సార్, మేడంగారు లాకు దగ్గర నుంచున్నారంటండి." నేను దీపం చూసి సరే అంటాను. పదిన్నరకల్లా ఉమ తనే లోపలికి వెళ్లిపోతుంది. ఈ పద్ధతి కుదిరింది.

17 జూన్, మంగళవారం

దీపం వెలుగుతోంది.

18 జూన్, బుధవారం

దీపం వెలుగుతోంది. పుష్కరాలకు కొత్త లైన్ల పని మొదలైంది. చాలా అలసటగా ఉంది. కిందటి నెలతో పోలిస్తే ఇది అలసట కాదు.

20 జూన్, శుక్రవారం

ఉమ క్షేమం. కుడి అరచేయి గీరుకుంది.

21 జూన్, శనివారం

నిన్న లైను సరిగా లేనందువల్ల మాట స్పష్టంగా వినబడలేదు.

22 జూన్, ఆదివారం

నిన్న రాసింది నిజం కాదు. లైను బాగానే ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

శుక్రవారం ఉదయం పన్నెండు నిమిషాలపాటు నేను బ్యాటరీ గదిలో ఉన్నాను. తొమ్మిదీ పదకొండుకు తిరిగివచ్చి బల్ల దగ్గర కూర్చోబోతుండగా హాలు అటుచివర ఫోను మోగింది. అప్పాజీ ఎత్తి విని, రిసీవరు చేత్తో మూసి, రోజూ అనేట్టే అన్నాడు.

"సార్, మేడంగారు లాకు దగ్గర నుంచున్నారంటండి."

నేను దీపం చూశాను. వెలుగుతోంది.

"సరే, నుంచోనివ్వమను. కాసేపటికి తనే లోపలికి వెళ్తుంది."

అప్పాజీ ఫోనులో అన్నాడు: "ఆయ్, నుంచోనివ్వమంటున్నారండి. కాసేపటికి ఆవిడే లోపలికి వెళ్లిపోతారంట." ఫోను పెట్టేశాడు. నేను బ్యాటరీల రీడింగులు రిజిస్టరులో ఎక్కించసాగాను. ఇరవై నాలుగు సెల్స్. ఒక్కొక్కదానికి రెండు అంకెలు.

తొమ్మిదీ ముప్పైకి మళ్లీ ఫోను. ఈసారి నన్నే పిలవమన్నారు.

"మూర్తిగారాండి? బంగార్రాజునండి, లాకుల ఆఫీసు నించి. ఏంటండీ అది? మనిషి నీళ్ల మీద నుంచుందని ఫోను చేస్తే, నుంచోనివ్వండి, ఆవిడే లోపలికి పోతుందని చెప్పిస్తారా? మీ ఇద్దరికీ ఏవన్నా ఉంటే ఇంట్లో చూసుకోండి. అంతేగానీ…"

తరవాత ఏమన్నాడో వినలేదు. వెళ్లాను.

ఉమ లాకుల ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. చీర మోకాళ్ల దాకా తడిసింది. చెక్క ఉండవలసినచోట లేకపోయేసరికి లాకు తలుపు దూలం మీదనే కాలు పెట్టిందట. బంగార్రాజు ఫోను పడేసి పరుగెత్తి మణికట్టు పట్టుకునేసరికి ఒక కాలు జారి నీళ్లలో ఉంది. తన చేయి పట్టుకున్నందుకు గొడుగుతో అతన్ని రెండు దెబ్బలు వేసింది. నన్ను చూడగానే, "చూడండీ, చెక్క ఎవరో పట్టుకుపోయారు. రిపోర్టు ఇవ్వరేం వీళ్లు?" అంది.

బంగార్రాజు భుజం రుద్దుకుంటూ మా ఇద్దరి వంకా చూస్తున్నాడు. అతనికి అంతా చెప్పాను: గేటు, తాళం, దాన్ని లాకు అని పిలవమన్న నా తెలివి.

"ఈ ఊళ్లో లాకంటే ఇదేనండి," అన్నాడు. "నూటయాభై ఏళ్లనించీ ఇదే."

తొమ్మిదీ పదకొండు నుంచి తొమ్మిదీ ముప్పై వరకు పంతొమ్మిది నిమిషాలు. ఆ పంతొమ్మిది నిమిషాలూ దీపం వెలుగుతూనే ఉంది.

అప్పాజీ నిన్న సాయంత్రం ఇంటికి వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. "గొంతు మగాడిదేనండి సార్. ఆడగొంతా మగగొంతా అని కూడా చూళ్లేదు నేను. రోజూ చెప్పే మాటేగదా అని…" నేను అతన్ని లోపలికి రమ్మన్నాను. రాలేదు. మాట అతనిది కాదు, నాది. ఆ సంగతి అతనికి చెప్పాను. నమ్మినట్టు లేదు.

అదే రోజు, తరవాత

గేటు ఎలా తెరుచుకుందో తెలియలేదు. కరెంటు పోలేదు, బ్యాటరీ నిండుగా ఉంది. సంపూర్ణమ్మ ఆ సమయంలో మేడ మీద పక్కబట్టలు ఆరవేస్తోంది.

"గేటు రాదు కదా అని ఎల్లానండి," అంది. మూడుసార్లు అంది. "లేకపోతే ఎల్తానా? ఆవిణ్ణి ఇడిసిపెట్టి ఎప్పుడన్నా ఎల్లానా?"

నిజమే. తాళం లేనప్పుడు సంపూర్ణమ్మ ఉమ కొంగు వదిలేది కాదు. తాళం వచ్చాక నేనూ దీపాన్నే చూశాను.

23 జూన్, సోమవారం

సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. చుట్టలో కరెంటు కొలిచాను: 0.48 ఆంపియరు, మొదటిరోజు ఉన్నంతే. గేటును ఒంటిచేత్తో లాగాను. వచ్చేసింది.

స్విచ్చి ఆపి రెండు ముఖాలూ చూశాను. అయస్కాంతం ముఖం మీదా, పలక మీదా తెల్లటి జిడ్డుపొర ఉంది, గోరుతో గీస్తే లేచివస్తోంది. ఏమిటో పోల్చుకోలేకపోయాను. వెంటనే తుడవకుండా అలాగే ఉంచి, స్విచ్చి మళ్లీ వేసి వరండాలో కూర్చున్నాను.

ఎనిమిదీ ముప్పై ఐదుకు ఉమ వచ్చింది. ఏవండీ, ఈ గేటు రావడం లేదు. బిగుసుకుపోయింది, మనిషిని పిలిపిస్తాను. నా నోరు తనంత తానే ఆ మాట అంది. నేను వెంట ఉండగా ఆమె గట్టిగా తోయదు. మర్యాదగా ఒకసారి తోసి ఆగుతుంది.

తొమ్మిదింటికి ఆకుకూరల బేబి గంపతో వచ్చింది. సంపూర్ణమ్మ స్విచ్చి ఆపి గేటు తీసింది. బేబి తోటకూర కట్టలు గట్టు మీద పరిచి ఇద్దరూ బేరంలో పడ్డారు. రోజూ గేటు మూసుకుపోకుండా పట్టుకునేది ఉమేనట. ఇవాళా పట్టుకుంది. పట్టుకుని, కోతల కోసం వరండా గోడ మీద ఉంచే కొవ్వొత్తి ముక్కను సంచీలోంచి తీసి, గేటు అంటుకుంటున్నచోట రుద్దడం మొదలుపెట్టింది. పలకను అంచు నుంచి అంచుకు, మెల్లగా, ఒక్క చోటు వదలకుండా. తరవాత స్తంభం వైపు.

దగ్గరకు వెళ్లాను.

"ఏం చేస్తున్నావు ఉమా?"

"బిగుసుకుపోయిందన్నారుగా. మన బీరువా సొరుగు పట్టేస్తే ఏం చేస్తాను? కొవ్వొత్తి రుద్దితే నున్నగా వస్తుంది." చెమట తుడుచుకుని నవ్వింది. "మీరు మనిషిని పిలుస్తానంటారు. పిలవరు. మీకెక్కడ తీరుతుంది పాపం."

బేబి, "టీచరుగారు రోజూ రుద్దుతారండి," అంది, కట్టలు సర్దుకుంటూ. "వారం పది రోజుల బట్టీ."

ఉమకు నిన్నటి సంగతి గుర్తుండదు. గేటు బిగుసుకుపోయిందని ప్రతి ఉదయం నేను చెప్పాను. ప్రతి ఉదయం ఆమె నమ్మింది. నమ్మి, నాకు పని తగ్గించడానికి ప్రతి ఉదయం కొత్తగా బాగుచేసింది.

కిరోసిన్ గుడ్డతో మైనం తుడిచాను. పట్టు తిరిగి వచ్చింది. శుక్రవారం ఆమె దాటాక స్ప్రింగు గేటును మూసేసింది, చుట్టలో కరెంటు పారుతూనే ఉంది, కనుక దీపమూ వెలిగింది. నేను ఇన్నాళ్లూ కొలిచింది కరెంటును. పట్టును ఒక్కరోజు, అప్పాజీతో కలిసి గుంజినప్పుడు మాత్రమే చూశాను. అది నా వృత్తిలో మొదటి సంవత్సరం కుర్రవాడు కూడా చేయని తప్పు.

24 జూన్, మంగళవారం

ఎనిమిదీ ముప్పై ఐదు. "ఏవండీ, ఈ గేటు రావడం లేదు."

బిగుసుకుపోయిందని ఇవాళ అనలేదు.

26 జూన్, గురువారం

సంపూర్ణమ్మ తనంత తాను ఒక మాట అంది. "బాబుగారూ, ఆవిడ మతిమరుపు మనిషేగానీ తెలివితక్కువ మనిషి కాదండి."

29 జూన్, ఆదివారం

ఆదివారమని గుర్తులేక ఉదయం ఎనిమిదిన్నరకు ఉమ గేటు దగ్గరకు వస్తుంటే ఎదురువెళ్లాను.

"ఉమా, గేటు బిగుసుకుపోలేదు. ఇది తాళం. నేనే వేశాను."

ఆమె అయస్కాంతం వంక చూసింది. తీగ ఎటునుంచి వచ్చిందో కళ్లతో వెతికింది.

"ఎవరికి వేశారు?"

"నీకు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "కూర్చోండి," అంది. అరుగు మీద కూర్చున్నాం. జ్వరం నుంచి మొదలుపెట్టి లాకు దగ్గర కాలు జారిన ఆ శుక్రవారం దాకా చెప్పాను. కొవ్వొత్తి కూడా చెప్పాను. మధ్యలో ఆపి ప్రశ్నలు వేసింది, లెక్క తప్పిన పిల్లవాణ్ణి అడిగినట్టు: ఎన్నాళ్లయింది? ఎన్నిసార్లు వెళ్లాను? చెక్క ఎప్పుడు తీశారు? అరచేయి తిప్పి చెక్కుకట్టిన గీతను చూసుకుంది.

"మీరు చెబుతున్నారు. నేను చూడాలి."

స్విచ్చి ఆపాను. ఇద్దరం గట్టు వెంట నడిచి లాకుల దాకా వెళ్లాం. బంగార్రాజు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, ఒక అడుగు వెనక్కి కూడా వేశాడు. ఉమ గోడకు రెండడుగుల ఇవతలే ఆగింది. చెక్క లేదు. నీళ్లు లాకు తలుపులను రాసుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నాయి. చాలాసేపు చూసింది.

"నేను ఆ దూలం మీద కాలు పెట్టానా?"

"పెట్టారండి," అన్నాడు బంగార్రాజు. "నన్ను గొడుగుతో కొట్టారు కూడానండి."

"అయ్యో," అంది. "ఏమనుకోకండి."

"భలేవారే! పట్టు దొరికింది, అదే చాలండి."

తిరిగి వచ్చాం. గేటు లోపలికి వచ్చాక ఉమ అంది.

"వేయండి."

స్విచ్చి వేశాను. గేటు తోసి చూసింది. రాలేదు.

"మధ్యాహ్నానికి నేను ఇదంతా మరిచిపోతాను. అంతేనా?"

"అంతే."

"అయితే మళ్లీ చెప్పండి. విసుక్కోకుండా. బిగుసుకుపోయిందని మాత్రం చెప్పకండి."

1 జూలై, మంగళవారం

డ్యూటీ పదకొండు గంటలకు మార్పించుకున్నాను. బల్ల మీది దీపం విప్పేశాను. గేటును రోజూ ఉదయం రెండు చేతులతో గుంజి చూస్తున్నాను.

చెప్పాను. లాకుల దాకా వెళ్లి చూశాం. వేయమంది.

2 జూలై, బుధవారం

చెప్పాను. చూశాం. వేయమంది. ఏడ్చి, వేయమంది.

4 జూలై, శుక్రవారం

చెప్పాను. చూశాం. "వద్దు," అంది. "చెక్క లేదని చూశాను కదా, ఇంకెందుకు వెళ్తాను?" ఆ వాదంలో తప్పు లేదు, ఆమె మరిచిపోతుందన్న ఒక్కటి తప్ప. ఆమె మాట కాదనకుండా కొత్త వంతెన మీదుగా బడికి తీసుకెళ్లాను. సత్యకుమారి గారు మూడో తరగతిలో కుర్చీ వేయించారు. ఉమ గంటసేపు ఎక్కాలు అప్పచెప్పించుకుంది. ఒక్క పిల్లవాడి తప్పును కూడా వదల్లేదు. తరవాత సంపూర్ణమ్మ వచ్చి ఇంటికి తీసుకెళ్లింది. రోజంతా గేటు తెరిచి ఉంచి, కొంగు వదలకుండా కూర్చుంది.

నేను ఎక్స్ఛేంజిలో ఏ రీడింగూ సరిగా తీయలేకపోయాను.

7 జూలై, సోమవారం

చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టినా మెదడువాపు అనే మాట దగ్గర ఆమె ముఖం మారుతుంది. ఆ మాట లేకుండా చెప్పే దారి వెతుకుతున్నాను.

10 జూలై, గురువారం

ఇవాళ చూసి వచ్చాక వేయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కనకాంబరాల మడి దగ్గర కూర్చుని ఎండిన పూలు ఏరుతూ ఉండిపోయింది. పదకొండు అవుతోంది. వేసి వెళ్లాను.

12 జూలై, శనివారం

జూన్ ఇరవై తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులు. వేయమన్నది తొమ్మిది రోజులు, వద్దన్నది నాలుగు, ఆమె ఏదీ అననిది ఒకటి. వద్దన్న నాలుగు రోజులూ గేటు తెరిచే ఉంది, సంపూర్ణమ్మ మేడ మెట్లు ఎక్కలేదు. ఆమె ఏదీ అనని రోజు నేనే వేశాను.

మధ్యాహ్నం మూడింటికి సంపూర్ణమ్మ ఫోను చేసింది. ఇప్పుడు మాటలు పూర్తిగా చెబుతుంది. "టీచరమ్మగారు మనింటి గేటు కాడ నుంచున్నారండి. లోపలే. గేటు తోసి చూస్తన్నారు. ఇది తాళమా అని అడిగారు. అవునన్నానండి. ఎవరెయ్యమన్నారంటే, మీరే ఎయ్యమన్నారమ్మగారూ పొద్దున్న, అన్నాను."

"ఏమంది?"

"నేనా? అన్నారండి. ఎప్పుడూ? అన్నారు. అలాగే నుంచున్నారు."

"తీసెయ్యి. తీసి వెంట ఉండు," అన్నాను. సంపూర్ణమ్మ తీసేలోపలే ఉమ వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయిందట.

తాళం బాగా పనిచేస్తోంది. పట్టు ఉంది, బ్యాటరీ ఉంది, తీగల్లో దోషం లేదు. ఉదయం అంతా చూసి, ఆలోచించి, వేయమని చెప్పేది ఉమే. మధ్యాహ్నం ఏమీ తెలియక గేటు తోసేదీ ఉమే. ఉదయం ఆమె ఇచ్చిన అనుమతి మధ్యాహ్నం దాకా చెల్లుతుందా, లేదా అన్నది నాకు తెలియదు.